పదకోశం కోసం ఒక భావనను విడదీసి రాసుకోవడం ఎలా?

"పదకోశం మొదలుపెట్టాం, మూడొందల పదాలు అయ్యాయి, ఇప్పుడు ఒకాయన వచ్చి ముందు కాన్సెప్టులు తేల్చుకోండి అంటున్నాడు, కాన్సెప్ట్ అంటే పదం కాదా అండీ?" ఈ ప్రశ్న నాకు ఏదో ఒక రూపంలో వస్తూనే ఉంటుంది. అడిగేవాళ్లలో అనువాదకులు ఉంటారు, లైబ్రరీకి విషయసూచి తయారుచేసేవాళ్లు ఉంటారు, వెబ్‌సైటుకి ట్యాగులు పెట్టేవాళ్లు ఉంటారు. అందరూ ఇరుక్కునేది ఒకేచోట. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు మొత్తం వరసగా ఇక్కడ రాసేస్తున్నాను.

ముందు ఈ మూడు వాక్యాలు చూడండి. "తలుపుకి తాళం వేశావా?" "తాళాలు ఎక్కడ పెట్టావ్, బండి తియ్యాలి." "పాట బాగుంది గానీ తాళం తప్పింది." మాట ఒకటే. మొదటి వాక్యంలో తలుపుకి వేలాడేది, రెండోదాంట్లో జేబులో ఉండేది, మూడోదాంట్లో చేత్తో పట్టుకోవడానికే వీల్లేనిది. అంటే ఒక పదం, మూడు భావనలు. ఇప్పుడు తిరగేసి చూస్తే తాళం, బీగం, లాక్ అని మూడు మాటలున్నాయి, తలుపుకి వేలాడేది మాత్రం ఒకటే. ఇక్కడ మూడు పదాలు, ఒక భావన. ఈ లెక్క మీకు అర్థమైతే సగం పని అయిపోయినట్టే, మిగతా సగం కాస్త ఓపిక.

సిద్ధాంతం ఎక్కువ చెప్పను. మనం చూడగలిగినవీ ఊహించగలిగినవీ అన్నీ వస్తువులు అనుకోండి. వాటిలో కొన్నింటికి ఉమ్మడిగా ఉండే గుణాలను లక్షణాలుగా తీసుకుంటాం. కొన్ని లక్షణాలు ఇంకెక్కడా లేని విధంగా ఒకచోట చేరితే అది ఒక భావన. పరిభాష పనికి, అంటే ఒక రంగంలోని భావనలనూ వాటి పదాలనూ తేల్చుకునే పనికి, ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 1087 చెప్పేదీ ఇంచుమించు ఇదే: లక్షణాల విశిష్టమైన కలయికతో ఏర్పడే జ్ఞానపు యూనిట్ భావన అని. దానికి తగిలించే పేరు పదం. దాన్ని విప్పి చెప్పే వాక్యం నిర్వచనం. ఇంతకు మించి కావాల్సి వస్తే పని మధ్యలోనే చెప్తాను.

ఒక్క తకరారు మాత్రం ముందే తీర్చేద్దాం. వస్తువు, భావన ఒకటే కదా అనిపిస్తుంది. కాదు. వేగుచుక్క అంటే తెల్లవారుజామున తూర్పున మెరిసేది, సాయంకాలపు చుక్క అంటే పొద్దుగుంకాక పడమట కనిపించేది. రెండూ శుక్రగ్రహమే. వస్తువు ఒకటే అయినా లక్షణాల కట్టలు వేరు కాబట్టి భావనలు రెండు. జర్మన్ తార్కికుడు ఫ్రేగె 1892లో ఈ ఉదాహరణతోనే అర్థం గురించి పెద్ద చర్చ లేపాడు.

ఏమేం కావాలి

ఒక స్ప్రెడ్‌షీట్ చాలు. కార్డుల మీద రాసే అలవాటుంటే కార్డులే తీసుకోండి, నాకైతే మొదటి ముప్పై భావనలకు కార్డులే సుఖం, బల్ల మీద పరిచి అటూ ఇటూ జరుపుకోవచ్చు. ఆ రంగంలో మనుషులు నిజంగా రాసిన, మాట్లాడిన వాక్యాలు ఒక్కో మాటకు పదో పదిహేనో కావాలి. ఆ పని తెలిసిన మనిషి ఒకరు కావాలి, ఫోన్లో దొరికినా చాలు. ఈ పదకోశం ఎవరికి, దేనికి అనేది ఒక్క వాక్యంలో రాసిపెట్టుకోండి. దీన్ని చాలామంది వదిలేస్తారు, తర్వాత ప్రతి వాదనా అక్కడికే వచ్చి ఆగుతుంది.

టైమ్ సంగతి కూడా చెప్పాలి. తేలికైన భావన పది నిమిషాల్లో అయిపోతుంది, ముదురుది పూట తినేస్తుంది. రోజుకి యాభై అని టార్గెట్ పెట్టుకుని టెన్షన్ పడకండి.

1. రంగం గీత గీయండి

భావన ఎప్పుడూ ఒక రంగంలో ఉంటుంది. నేను ఈ వ్యాసమంతా "తలుపులు, పెట్టెలు, వాహనాల భద్రతకు వాడే సామాను" అనే రంగాన్నే తీసుకుంటున్నాను. ఆ గీత గీయగానే సంగీతంలోని తాళం బయటికి పోయింది. దాని గురించి ఇక ఆలోచించక్కర్లేదు, దానికి వేరే పదకోశం ఉంటుంది. రంగం మరీ పెద్దగా, "సాంకేతికం" అనో "సాధారణం" అనో రాస్తే గీత గీయనట్టే లెక్క.

2. వాక్యాలు పోగెయ్యండి, నిఘంటువు తర్వాత తెరవండి

నిఘంటువు మంచిదే. కానీ అది పదం దగ్గర మొదలై అర్థాల వైపు వెళ్తుంది, మన పని భావన దగ్గర మొదలై పదాల వైపు వెళ్లాలి. పరిభాష పనిని ఒక శాస్త్రంగా నిలబెట్టిన ఆస్ట్రియా ఇంజనీరు ఓయ్‌గెన్ వ్యూస్టర్ పట్టుబట్టింది కూడా ఈ దిశ గురించే. నిఘంటువు ముందు తెరిస్తే అందులోని ఒకటి, రెండు, మూడు అనే అంకెలే మీ భావనలైపోతాయి, అవి మీ రంగం కోసం వేసిన అంకెలు కావు.

వాక్యాలు పోగేసేటప్పుడు మాట ఉన్నది ఉన్నట్టు రాసుకోండి, దిద్దకండి. "తాళాలు పోగొట్టుకున్నాను" అని ఎవరైనా అంటే "తాళం చెవులు" అని మార్చి రాసుకున్నారో, ఏడో మెట్టులో మీకు కావాల్సిన ఆధారాన్ని మీరే చెరిపేసుకున్నట్టు.

3. పేరు మూసేసి నంబరు ఇవ్వండి

ఇది చిన్నపిల్లల ఆటలా అనిపిస్తుంది, కానీ నాకు తెలిసి ఇంతకంటే పనికొచ్చే చిట్కా లేదు. భావనకు 014 అని ఏదో ఒక నంబరు పెట్టి, పదం గడిని ఖాళీగా వదిలేయండి. గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్. ఆర్. రంగనాథన్ వర్గీకరణ పనిని మూడు తలాలుగా విడదీశారు: ఆలోచన తలం, మాట తలం, సంకేత తలం. ఒక తలంలో వచ్చిన చిక్కును ఇంకో తలంలో విప్పబోతే ముడి ఇంకా బిగుస్తుంది. నంబరు సంకేతం, పదం మాట, మనం ఇప్పుడు ఉన్నది ఆలోచనలో.

ఇప్పుడు మూడు కుప్పలు పొయ్యండి. మొదటి కుప్పలో 014 కిందికి ఖాయంగా వచ్చేవి: గొలుసు తగిలించి వేసే తాళం కప్ప, తలుపు చెక్కలోకి బిగించిన తాళం, సూట్‌కేసుకి ఉండే నంబరు తాళం, సైకిల్ తాళం, వేలిముద్రతో తెరుచుకునే తాళం. రెండో కుప్పలో పక్కింటివాళ్లు, అంటే దగ్గరగా ఉంటాయి గానీ ఇవి కావు: గడియ, గొళ్ళెం, తాళం చెవి. మూడో కుప్ప అనుమానాలది: ఫోన్ తెర మీద పడే లాక్. అది తాళమా కాదా? ఇప్పుడే తేల్చకండి, కుప్పలోనే ఉండనివ్వండి.

రెండో కుప్ప ఖాళీగా ఉంటే ముందుకి పోకండి. పక్కన ఏముందో తెలియకుండా ఒక భావన ఎక్కడ ఆగుతుందో చెప్పలేం.

4. లక్షణాలు రాసి, జల్లెడ పట్టండి

జ్ఞాన వ్యవస్థీకరణ, అంటే విషయాలను వర్గాలుగా సర్దే రంగంలో ఇంగెట్రౌట్ డాల్‌బెర్గ్ 1970లలో చెప్పిన పద్ధతి ఇక్కడ బాగా పనికొస్తుంది. ఆమె లెక్కలో భావనకు మూడు మూలలు: దేని గురించి మాట్లాడుతున్నాం, దాని గురించి నిజంగా ఏమేం చెప్పగలం, దాన్ని ఏమని పిలుస్తున్నాం. రెండో మూల మన పని. అంటే 014 గురించి నిజమైన వాక్యాలు వరసగా రాసుకుంటూ పోవడమే. రాద్దాం:

ఇనుముతో చేస్తారు. చెవితో తెరుస్తారు. తలుపుని మూసి ఉంచుతుంది. వేలాడుతుంది. అందరూ తెరవలేరు. దొంగల భయానికి వాడతారు. లోపల స్ప్రింగు ఉంటుంది.

ఇప్పుడు ఒక్కోదాన్నీ మొదటి కుప్పలోని ప్రతి వస్తువుకీ పెట్టి చూడండి. ఇనుము? ఇత్తడి తాళాలు ఉన్నాయి, పోయింది. చెవి? నంబరు తాళానికి చెవే లేదు, పోయింది. వేలాడటం? తలుపులో బిగించినది వేలాడదు, పోయింది. దొంగల భయం? వాడేవాళ్ల మనసులో ఏముందో మనకెందుకు, అది వాడే కారణం, తీసి పక్కన పెట్టండి. స్ప్రింగు? అన్నింట్లో ఉంటుందని ఎవరు చూశారు, తెలిసిన మనిషిని అడగాలి, అడిగేదాకా పక్కన.

మిగిలినవి రెండు: "తలుపుని మూసి ఉంచుతుంది", "అందరూ తెరవలేరు".

వీటిని ఇప్పుడు రెండో కుప్పకి పెట్టండి. మూసి ఉంచడం గడియ కూడా చేస్తుంది, కాబట్టి ఆ లక్షణం ఉండాల్సిందే గానీ అది ఒక్కటే తాళాన్ని గడియ నుంచి విడదీయదు. "అందరూ తెరవలేరు" అనేది విడదీస్తుంది. గడియ లోపలివైపు ఉన్నవాడెవడైనా తీస్తాడు. తాళం మాత్రం సరైన చెవో, సరైన అంకెలో, సరైన వేలో ఉన్నవాడికే లొంగుతుంది. ఇలా పక్కవాటి నుంచి వేరుచేసే దాన్ని నేను గిరిగీసే లక్షణం అంటాను. మీరు వ్యవచ్ఛేదక లక్షణం అని రాసుకున్నా సరే, నోరు తిరగడం మీ ఇష్టం.

గిరిగీసే లక్షణం అవునో కాదో తేల్చడానికి ఒకటే పరీక్ష: దాన్ని కొట్టేసి చూడండి. కొట్టేయగానే రెండో కుప్పలోంచి ఏదైనా లోపలికి దూరిపోతే అది గిరి గీస్తున్నట్టు. ఏదీ రాకపోతే అది అలంకారం.

ఒక హెచ్చరిక. అన్ని భావనలూ ఇలా లొంగవు. "ఆట" తీసుకోండి. చదరంగం, కబడ్డీ, ఒంటరిగా పేకముక్కలు పేర్చుకోవడం, ఈ మూడింటికీ ఉమ్మడి లక్షణం వెతికితే జుట్టు పీక్కోవాలి. తత్వవేత్త విట్‌గెన్‌స్టైన్ సరిగ్గా ఈ మాట మీదే, వీటి మధ్య ఉన్నది కుటుంబ సభ్యుల పోలికల్లాంటిది, అందరికీ ఉండే ఒకే ముక్కు ఉండదు అన్నాడు. అలాంటి భావన తగిలితే బలవంతపు లక్షణం పుట్టించకండి. అందరూ ఒప్పుకునే నమూనాలు మూడు రాసి, సరిహద్దులో ఉన్నవి రెండు రాసి, వాటిని లోపలికి తీసుకున్నారో లేదో రాయండి. వాడేవాళ్లకు అది చాలు.

5. చుట్టాలను కలపండి

భావన ఒంటరిగా ఉండదు. సంబంధాలు మూడు రకాలు: రకం, భాగం, ఊరికే సంబంధం. తప్పులన్నీ మొదటి రెండింటిని కలిపేయడం దగ్గరే వస్తాయి.

రకం అవునా అని తేల్చడానికి "అన్నీ, కొన్ని" పరీక్ష ఉంది. నంబరు తాళాలన్నీ తాళాలేనా? అవును. తాళాల్లో కొన్ని నంబరు తాళాలా? అవును. ఒకవైపు "అన్నీ", ఇంకోవైపు "కొన్ని" వస్తే రకం ఖాయం. ఇప్పుడు చిలకని పెంపుడు జంతువు కింద పెడదామా? చిలకలన్నీ పెంపుడువి కావు, కొన్నే. పెంపుడు జంతువుల్లోనూ కొన్నే చిలకలు. రెండువైపులా "కొన్ని" వచ్చింది, కాబట్టి అక్కడ పెట్టకూడదు. చిలకని పక్షి కింద పెట్టండి.

మన భాషలో ఇంకో ఉచ్చు ఉంది. సమాసంలో చివరి మాట సాధారణంగా పెద్ద వర్గాన్ని చెప్తుంది, నంబరు తాళం ఒక రకం తాళం, అంతవరకు బాగానే ఉంది. మరి తాళం చెవి ఒక రకం చెవా? తాళం కప్ప ఒక రకం కప్పా? నవ్వొస్తుంది గానీ, పదాలను చివరి మాట ప్రకారం ఆటోమేటిక్‌గా వర్గాల్లో పడేసే ప్రోగ్రాములు సరిగ్గా ఇదే చేస్తాయి, నేను కళ్లారా చూశాను.

భాగం సంగతి. తాళం కప్పకి పైనుండే వంపు కడ్డీ దాని భాగం. చెవి భాగమా? రెండూ కలిపే అమ్ముతారు కదా అని చాలామంది అవునంటారు. కలిపి అమ్మడం వేరు, భాగం కావడం వేరు. చెవి పోయినా తాళం తాళంగానే ఉంటుంది, తెరుచుకోక ఏడిపిస్తుంది, అంతే. పైగా చెవి లేని తాళాలు ఉన్నాయని ఇందాకే చూశాం. కాబట్టి తాళానికీ చెవికీ మధ్య ఉన్నది ఊరికే సంబంధం, పని వల్ల వచ్చినది. ఆ గీతని వేరే రంగులో గీయండి.

ఇక విభజన. తాళాలను "తాళం కప్ప, తలుపు తాళం, నంబరు తాళం, చిన్న తాళం" అని నాలుగుగా విడదీశారనుకోండి. సూట్‌కేసుకి వేలాడే చిన్న నంబరు తాళం ఎందులో పడుతుంది? మూడింట్లో పడుతుంది. ఎందుకంటే ఒకటి ఎలా అమర్చారన్నది, ఒకటి ఎలా తెరుస్తారన్నది, ఒకటి సైజు, మూడు కొలబద్దలు కలిసిపోయాయి. ఒక విభజనలో ఒకే కొలబద్ద వాడండి. రెండు కావాలంటే రెండు ముఖాలుగా విడదీయండి: అమర్చే తీరు ఒక ముఖం, తెరిచే తీరు ఇంకో ముఖం. రంగనాథన్ 1933లో తెచ్చిన కోలన్ వర్గీకరణ నిలబడింది ఈ ఆలోచన మీదే, విషయాన్ని ముఖాలుగా విడగొట్టి, కావాల్సినప్పుడు కలుపుకోవడం.

6. నిర్వచనం రాయండి

సూత్రం పాతదే: దగ్గరి పెద్ద వర్గం పేరు చెప్పి, గిరిగీసే లక్షణం చేర్చడం. ఒక్క వాక్యం. నా మొదటి ప్రయత్నం ఇది:

"మూసిన తలుపుని పట్టి ఉంచి, చెవితో మాత్రమే తెరుచుకునే ఇనుప సాధనం."

దీన్ని పరీక్షిద్దాం. మన తర్కశాస్త్రంలో నిర్వచనానికి మూడు దోషాలు చెప్పారు, ఈ పనికి అంతకంటే పదునైన పరికరం నాకు దొరకలేదు. అన్నంభట్టు తర్కసంగ్రహ దీపికలో ఆవు ఉదాహరణ ఉంది. ఆవంటే కపిల వర్ణం గలది అంటే మిగతా రంగుల ఆవులు బయట మిగిలిపోతాయి, అది అవ్యాప్తి. కొమ్ములున్నది అంటే గేదె కూడా వచ్చేస్తుంది, అది అతివ్యాప్తి. ఒంటి గిట్ట గలది అంటే ఏ ఆవుకీ లేనిది చెప్పినట్టు, అది అసంభవం.

నా వాక్యానికి అవ్యాప్తి మూడుచోట్ల ఉంది. "ఇనుప" వల్ల ఇత్తడివి పోయాయి. "చెవితో" వల్ల నంబరు తాళాలు పోయాయి. మూడోది నాకు ఆలస్యంగా తట్టింది: సైకిల్ తాళం ఏ తలుపునీ మూయదు! చక్రాన్ని తిరగనివ్వదు, లేకపోతే బండిని స్తంభానికి కట్టేస్తుంది. నాలుగో మెట్టులో "తలుపుని మూసి ఉంచుతుంది" అనేది జల్లెడలో మిగలడానికి కారణం ఏంటంటే, మొదటి కుప్పలో సైకిల్ తాళం నా కళ్లముందే ఉన్నా నేను దాన్ని పెట్టి చూడలేదు. మీరూ ఇలాగే ఒకటి వదిలేస్తారు, అప్పుడు వెనక్కి వెళ్లి దిద్దుకోండి, సిగ్గేం లేదు. దిద్దాక:

"దేన్నైనా తెరుచుకోకుండా గానీ కదలకుండా గానీ పట్టి ఉంచి, సరైన చెవికో అంకెలకో శరీర గుర్తుకో మాత్రమే విడిచే సాధనం."

గడియ రాలేదు, నంబరు తాళం పోలేదు, సైకిల్ తాళం లోపలే ఉంది. ఫోన్ తెర లాక్? మన రంగం సామాను, అది సామాను కాదు, బయట పెట్టాను. పెట్టానని గమనికలో రాశాను. ఫోన్ల రంగానికి పదకోశం చేస్తుంటే నా నిర్ణయం వేరేగా ఉండేది.

నిర్వచనాల్లో తరచుగా చూసే తప్పులు ఇవి. తాళం అంటే తాళం చెవితో తెరిచేది, తాళం చెవి అంటే తాళాన్ని తెరిచేది అని రాయడం అన్నింటికంటే ఎక్కువ, దీన్ని అన్యోన్యాశ్రయం అంటారు, ఇద్దరు అప్పులవాళ్లు ఒకరికొకరు హామీ ఉన్నట్టు. తర్వాత "గడియ కానిది" అని లేనిదాంతో చెప్పడం, లోకంలో గడియ కానివి కోటి ఉన్నాయి. తర్వాత నిర్వచనంలోనే చరిత్ర, సలహా, పొగడ్త కుక్కేయడం, వాటికి గమనిక గడి ఉంది. ఇంకోటి, "తాళం అంటే ఎప్పుడైతే మనం తలుపు మూస్తామో" అని మొదలుపెట్టడం, వస్తువుని అడిగితే సందర్భం చెప్పినట్టు.

సభ్యులు కొద్దిమందే ఉండి, జాబితా స్థిరంగా ఉంటే పేర్లన్నీ రాసేయడం కూడా ఒప్పుకుంటారు. సౌర కుటుంబంలోని గ్రహాలు అంటే బుధుడి నుంచి నెప్ట్యూన్ వరకు 8 పేర్లు రాస్తే సరిపోతుంది. జాబితా రేపు పెరుగుతుందనిపిస్తే మాత్రం ఆ దారి పట్టకండి.

7. ఇప్పుడు పేరు పెట్టండి

మూసిపెట్టిన పదం గడి తెరవండి. భావనకు ఒక భాషలో ఒకటే ముఖ్య పదం. మిగతావి పర్యాయాలు. ముఖ్య పదం కావాల్సినవి రెండున్నాయని కొట్టుకుంటుంటే, ఎక్కువమంది వెతికే మాట ఏదో అది పెట్టి ముందుకెళ్లండి, రెండోది ఎక్కడికీ పోదు, పర్యాయంగా అక్కడే ఉంటుంది.

014: ముఖ్య పదం తాళం. పర్యాయాలు బీగం, లాక్.
015: ముఖ్య పదం తాళం చెవి. పర్యాయాలు బీగం చెవి, కీ. వెతుకులాటకు మాత్రం పనికొచ్చే దాపుడు పదం: తాళాలు.

ఆ దాపుడు పదం చూడండి, రెండో మెట్టులో దిద్దకుండా రాసుకోమన్నది అందుకే. జనం "తాళాలు" అని వెతికితే చెవుల పేజీ కూడా రావాలి, కానీ పుస్తకంలో ఆ మాట అచ్చు కాకూడదు. తప్పు స్పెల్లింగులూ ఈ గడిలోకే వస్తాయి. వెబ్ ప్రమాణాలు తయారుచేసే సంస్థ డబ్ల్యూ3సీ 2009లో విడుదల చేసిన స్కోస్ అనే ప్రమాణంలో ఈ మూడు గడులూ విడివిడిగా ఉన్నాయి, ఒక భాషకు ముఖ్య పదం ఒకటికి మించకూడదనే నియమమూ ఉంది. కాబట్టి రేపు మీ పట్టికను కంప్యూటర్ వ్యవస్థలోకి ఎక్కించాలన్నా ఇబ్బంది పడరు.

సంగీతం కూడా ఉన్న పెద్ద పదకోశమైతే తాళం (సంగీతం), తాళం (భద్రత) అని పక్కన రంగం రాయండి. తాళం 1, తాళం 2 అని రాయకండి, ఆరు నెలల తర్వాత ఏది ఏదో మీకే గుర్తుండదు.

నా మొదటి పదకోశం గురించి ఇక్కడ చెప్పాలి. వరసకో పదం చొప్పున అక్షరక్రమంలో పేర్చాను, "తాళం" దగ్గర ఒకే గడిలో రెండు అర్థాలూ సెమికోలన్ పెట్టి ఇరికించాను. దాన్ని వాడినవాళ్లు తొందరలో ఉన్నారు. చివరికి వాడకం పుస్తకంలో "తాళాన్ని తాళంలో పెట్టి కుడివైపు తిప్పండి" అని అచ్చయింది. తప్పు వాళ్లది కాదు. ఒక గడిలో రెండు భావనలు పెట్టింది నేను. అప్పటి నుంచి అర్థం గడిలో సెమికోలన్ కనిపిస్తే నాకు చెయ్యి దురద పెడుతుంది. మీ పట్టికలో కూడా ఒకసారి సెమికోలన్ల కోసం వెతకండి, సగం దొంగలు అక్కడే దొరుకుతారు.

8. ఇంకో భాష ఉంటే

పదానికి పదం వెతకకండి, రెండు భాషల్లోనూ ఒకటి నుంచి ఆరు మెట్లు విడివిడిగా చేసి, లక్షణాల కట్టలను పక్కపక్కన పెట్టండి. ఇంగ్లీషు "బ్రదర్"కి తెలుగులో ఒక్క మాట రాయమంటే ఏం రాస్తారు? అన్న, తమ్ముడు, వయసు అనే గిరిగీసే లక్షణం మనకుంది, వాళ్లకు లేదు. సోదరుడు ఉందిగా అంటారు, ఉంది, రాతలో. మాటల్లో ఎవరంటారు? ఫ్రెంచిలో నదికి రెండు మాటలున్నాయి: సముద్రంలో కలిసేది ఫ్లవ్, ఇంకో నదిలో కలిసేది రివియేర్. మన "నది" ఆ రెండింటినీ కప్పేస్తుంది.

అందుకని సమానం గడిలో పదం ఒక్కటే రాసి ఊరుకోకుండా పక్కన ఒక గుర్తు పెట్టండి: సరిగ్గా సమానం, దగ్గరగా ఉంది, అవతలిది పెద్దది, అవతలిది చిన్నది. అనువాదం చేసేవాళ్లకి పదం కంటే ఆ గుర్తే ఎక్కువ పనికొస్తుంది.

9. సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోండి

పదం దాచేసి నిర్వచనం ఒక్కటే రంగం తెలిసిన మనిషికి చదివి వినిపించండి. ఆయన నోటి నుంచి మీ ముఖ్య పదమో పర్యాయమో రావాలి. "గడియ గురించా?" అన్నాడంటే అతివ్యాప్తి ఉంది. "ఏదో కొత్త మెషీనా?" అంటే మీ భాష బిగుసుకుపోయింది.

రెండో పరీక్షకు ఇద్దరు కావాలి. పది వస్తువుల పేర్లు ఇచ్చి, నిర్వచనం చూసి లోపలా బయటా తేల్చమనండి, ఒకరిది ఒకరు చూడకుండా. ఇద్దరూ విడిపోయిన వస్తువు దగ్గరే మీ సరిహద్దు పలచగా ఉన్నట్టు. గొడవపడనివ్వండి, కాసేపు వినండి, కొత్త లక్షణం ఆ గొడవలోంచే బయటపడుతుంది. ఎంతకీ తెగకపోతే ఆ మాట కింద రెండు భావనలు ఉన్నాయేమో చూడండి, నా అనుభవంలో సగం సార్లు అదే కారణం.

మూడోది, పోగేసిన వాక్యాల్లో పదం తీసి నిర్వచనం పెట్టి చదవండి. చెవికి మొరటుగా ఉన్నా పర్లేదు, అర్థం మారకూడదు. మారిన వాక్యం వేరే భావనది, తీసి దాని నంబరు కింద వెయ్యండి.

10. భావన మారినప్పుడు

మారుతుంది. 1930లో కనుక్కున్నప్పటి నుంచి ప్లూటో గ్రహమే. 2006 ఆగస్టులో అంతర్జాతీయ ఖగోళ సంఘం సౌర కుటుంబంలో గ్రహం అనడానికి మూడు లక్షణాలు కావాలంది: సూర్యుడి చుట్టూ తిరగాలి, తన బరువుకి తానే గుండ్రబడేంత ద్రవ్యరాశి ఉండాలి, తన కక్ష్య పరిసరాలను ఖాళీ చేసుకుని ఉండాలి. ప్లూటో మూడో దాంట్లో తప్పింది. పదం మారలేదు, ప్లూటోలో ఏమీ మారలేదు, మారింది లక్షణాల కట్ట. దాంతో కిందున్న వస్తువుల సంఖ్య 9 నుంచి 8 అయింది.

ఇలాంటప్పుడు పాత నిర్వచనం మీద కొత్తది రాసి పారేయకండి. లక్షణం చేరినా పోయినా అది కొత్త భావన, కొత్త నంబరు ఇవ్వండి. పాత నంబరు కింద "2006 వరకు" అని రాసి, కొత్తదానికి దారి చూపించండి. 1980లో అచ్చయిన పుస్తకంలో "తొమ్మిది గ్రహాలు" అని చదివినవాడు మీ పట్టిక దగ్గరికి వస్తే, ఆ రచయిత తప్పు రాశాడనుకోకుండా ఉండాలంటే ఆ పాత వరస అక్కడ ఉండి తీరాలి. వాక్యం దిద్దారు, అక్షరదోషం సరిచేశారు, ఉదాహరణ మార్చారు అంటే మాత్రం పాత నంబరే ఉంచి తేదీ వేసుకోండి. ఏది చెయ్యాలో తెలియక ఆగిపోతే మొదటి కుప్ప మళ్లీ తీసి చూడండి: లోపలున్న వస్తువు ఒక్కటైనా బయటికి పోయిందా, బయటున్నది ఒక్కటైనా లోపలికి వచ్చిందా? అయితే కొత్త నంబరు.